ఒంటిపూట బడి - నీడపట్టున ఆటలు

వికారాబాదు, తాండూరు పల్లెల్లో మార్చి నెల నడిమికి ఎండ ముదురుతుంది. అనంతగిరి అడవిలో మోదుగు చెట్లు ఎర్రగా పూస్తాయి. చింతకాయ రాల్చే పని, కొట్టి గింజ తీసే పని సాగుతుంటాయి. ఈ రోజుల్లోనే బడికి ఒంటిపూట వస్తుంది.

ఒంటిపూట బడి సాధారణంగా పొద్దున 8 గంటలకు మొదలవుతుంది. మధ్యాహ్నం 12న్నరకు విడుస్తారు. పిల్లలు బడిలో అన్నం తిని ఇంటికొస్తారు. అప్పటికి అమ్మ కూలికి పోయి ఉంటుంది. నాయన బండల పనికి పోయి ఉంటాడు. వాళ్లు వచ్చేసరికి పొద్దుగూకుతుంది. అంటే నాలుగైదు గంటలు పిల్లలను చూసేవాళ్లు ఉండరు.

"బడి విడిచినంక ఇంట్లనే ఉండుండ్రి. ఎటూ పోకుండ్రి" అని అమ్మ పొద్దున్నే చెప్పి పోతుంది.

పిల్లలు ఉత్త ఇంట్లో ఎంతసేపు కూర్చుంటారు? కాసేపటికి ఎండలో తిరగడానికి పోతారు. లేకపోతే నీళ్లున్న చోటికి పోతారు. అందుకే "పోవద్దు" అని చెప్తే చాలదు. "ఇక్కడ ఇది ఆడుకోండి" అని కూడా చెప్పాలి.

నీళ్ల గుంత ఆడుకునే చోటు కాదు

తాండూరు చుట్టూ నాపరాయి క్వారీలు ఉన్నాయి. రాయి తీసినంక గుంత మిగులుతుంది. వానలకు అందులో నీళ్లు నిలుస్తాయి. ఎండాకాలంలో ఆ నీళ్లు చల్లగా, తేటగా కనబడతాయి. పిల్లలకు ఆశ పుడుతుంది.

చెరువు ఒడ్డు చాలాచోట్ల వాలుగా ఉంటుంది. దిగినకొద్దీ లోతు తెలుస్తుంది. క్వారీ గుంత అట్లా కాదు. రాయిని నిలువుగా కోసి తీస్తారు. ఒక్క అడుగు వేస్తేనే తల మునిగే లోతు ఉండవచ్చు. ఎక్కుదామంటే పట్టు దొరకదు. ఈత వచ్చినవాళ్లకు కూడా బయటపడడం కష్టం.

ఎవరైనా నీళ్లలో పడితే తోటి పిల్లలు దూకకూడదు. దూకితే ఇద్దరూ మునుగుతారు. గట్టిగా అరిచి పెద్దవాళ్లను పిలవాలి. పొడుగు కట్టె, తాడు, చీర, ఏది దొరికితే అది అందించాలి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా విసిరినా పట్టుకొని తేలవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ మాటలు పిల్లలకు ఇంట్లో ఒకసారి చేసి చూపించండి.

మోదుగు పూల రంగు

ఫాల్గుణ పున్నమిని కాముని పున్నమి అంటాం. పిల్లలు కోలలు కొట్టుకుంటూ, జాజిరి పాటలు పాడుకుంటూ ఇంటింటికీ తిరుగుతారు. రంగులు చల్లుకుంటారు. ఆ రంగు కడుక్కోవడానికి చెరువుకో, గుంతకో పోతారు. పండుగ పూట ఏడుపు వచ్చేది అక్కడే.

దీనికి ఒక ఉపాయం ఉంది. రంగు ఇంట్లోనే చేయండి. పిల్లలను వెంట తీసుకొని పోయి రాలిన మోదుగు పూలు ఏరండి. పూలను నీళ్లలో మరిగించండి. రాత్రంతా అట్లాగే నాననివ్వండి. పొద్దున బట్టతో వడగట్టండి. నారింజ రంగు నీళ్లు తయారవుతాయి. పైసా ఖర్చు లేదు. అంగట్లో దొరికే కొన్ని రంగుల్లో కళ్లకు, ఒంటికి చెరుపు చేసే మందులు కలుస్తాయి. మోదుగు పూలలో ఆ మందులు ఉండవు.

ఇంటి ముందే రెండు బిందెల నీళ్లు పెట్టండి. ఆడినంక అక్కడే కడుక్కోమనండి.

చింతగింజలు పారేయకండి

మధ్యాహ్నం 12 నుండి 4 గంటల దాకా ఎండ దెబ్బ తగులుతుంది. ఆ వేళ ఆటలు నీడలోనే ఆడాలి. వీటికి బజారులో కొనే సామాను అక్కర లేదు. పిరికెడు చింతగింజలు చాలు. ఆడుకునేచోట కడివెడు నీళ్లు పెట్టండి. దాహం కాకున్నా నడుమ నడుమ తాగమనండి.

అష్టాచెమ్మ: తాండూరు దిక్కు చాలా ఇండ్ల ముందు నాపబండలు పరిచి ఉంటాయి. ఆ బండ మీద బొగ్గుతో గళ్లు గీయాలి. అడ్డం 5, నిలువు 5. మొత్తం 25 గళ్లు. నలుగురు ఆడవచ్చు. ఒక్కొక్కరికి 4 కాయలు. ఒకరికి రాళ్లు, ఒకరికి పుల్లలు, ఒకరికి మక్కలు, ఒకరికి కందులు.

నాలుగు చింతగింజలను బండ మీద ఒక పక్క అరగదీయాలి. ఆ పక్క తెల్లబడుతుంది. వాటిని కలిపి వేయాలి. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు నడవాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే 8. చెమ్మ, అష్ట పడినవాళ్లు మళ్లీ వేయాలి. కాయ బయటి వరస చుట్టి, లోపలి వరస చుట్టి, నడిమి గడిలోకి పోతే పండినట్లు. మిగతా కట్టుబాట్లు ఊరికో తీరుగా ఉంటాయి. మీ ఊరి తీరున ఆడండి.

బయటి వరసలో 16 గళ్లు. లోపలి వరసలో 8. నడుమ 1. కలిపితే ఎంత? పిల్లలను అడగండి. మీరూ కలిపి చూడండి.

ఓమనగుంటలు: చెట్టు కింద మట్టిలో రెండు వరసలు గుంటలు తీయాలి. వరసకు 7 గుంటలు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. గుంటకు 5 గింజలు పోయాలి. ఒక గుంటలో గింజలన్నీ తీసి, తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలో గింజలు అయిపోతే, ఆ ముందరి గుంటలోవి తీసి మళ్లీ వేయాలి. ముందరి గుంట ఖాళీగా ఉంటే, దాని పక్క గుంటలోని గింజలు గెలుచుకోవాలి. అప్పుడు రెండోవాళ్ల వంతు.

ఏ గుంట తీస్తే ఎక్కడ ఆగుతుందో ముందే లెక్క వేసుకున్నవాళ్లు గెలుస్తారు. పలక లేకుండానే లెక్క వస్తుంది.

ఒక్క జాగ్రత్త. చంటిపిల్లల చేతికి గింజలు అందనివ్వకండి. ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. మింగితే గొంతులో అడ్డం పడుతుంది.

పొద్దు వాలినంక

సాయంత్రం పరుగెత్తే ఆటలు ఆడవచ్చు. ఏడు పెంకులాట, చిర్రగోనె, దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల. తొక్కుడుబిళ్లకు నాపరాయి ముక్క బాగుంటుంది. అంచులు అరగదీసి ఇవ్వండి. లేకపోతే కాలు కోసుకుంటుంది. చిర్రగోనె మాత్రం ఖాళీ జాగాలో ఆడాలి. చిర్ర ఎగిరి కంటికి తగిలితే చూపు పోవచ్చు. చిన్నపిల్లలను దూరంగా నిలబెట్టాలి.

బిడ్డ కూడా ఆడాలి

మన ఇండ్లల్లో ఒకటి కనబడుతుంది. బడి విడవంగనే కొడుకు ఆటకు ఉరుకుతాడు. బిడ్డ తమ్ముణ్ణి చంకనేసుకొని గడపలో నిలబడి చూస్తుంది. గిన్నెలు తోమాలి. నీళ్లు తేవాలి. "ఆడపిల్లకు ఆటలేంది?" అంటారు.

అష్టాచెమ్మ, ఓమనగుంటలు మనకు నేర్పింది ఎవరు? మన అమ్మలు, అమ్మమ్మలు. వాళ్లు ఆడపిల్లలే కదా.

పిల్లల హక్కుల కోసం ఐక్యరాజ్య సమితి 1989లో ఒక ఒప్పందం చేసింది. ఆడుకోవడం ప్రతి పిల్ల హక్కు అని అందులో రాశారు. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. ఆ హక్కు కొడుకుకు ఎంతో, బిడ్డకూ అంతే. ఇంటి పని ఇద్దరికీ పంచండి. ఇద్దరూ ఆడతారు.

పది ఇండ్లు కలిస్తే

పనికి పోయే తల్లి ఇంట్లో ఉండలేదు. వాడకట్టులో పది ఇండ్లవాళ్లు కలిసి మాట్లాడుకోవచ్చు. ఒక చెట్టు నీడ చూసుకోవాలి. ఇంటి దగ్గర ఉండే ఒక అవ్వను పిల్లలను కనిపెట్టుకొని ఉండమని అడగాలి. పాత ఆటలు ఆమెకే బాగా వస్తాయి. పిల్లలకు నేర్పుతుంది. ఎవరు రాలేదో చూస్తుంది. ఒక పిల్ల కనబడకపోతే వెంటనే వెతికిస్తుంది.

చేసి చూడండి

1. చిన్నప్పుడు మీరు ఆడిన ఆటలు ఏవి? ఐదు పేర్లు రాయండి.
2. మీ ఊరి దగ్గర నీళ్లున్న గుంతలు, పాడుబడిన బావులు ఎక్కడెక్కడ ఉన్నాయి? పిల్లలతో కలిసి రాయండి.
3. ఓమనగుంటలు 14. గుంటకు 5 గింజలు. మొత్తం ఎన్ని? గింజలు పోసి లెక్కపెట్టండి.
4. ఈ ఆదివారం పొద్దుగూకినంక ఒక ఆట మీ బిడ్డతో ఆడండి. ఎవరు గెలిచారో రాసి పెట్టండి.