యంత్రాల కాపరులు

పొలాలకు నీరు సక్రమంగా పారుతున్నంత కాలం చెరువు తూమును కనిపెట్టుకొని ఉండే నీరటిని ఎవరూ తలచుకోరు. పారుదల ఆగిననాడే అందరూ ఆయన కోసం వెతుకుతారు. అంతర్జాల సేవలను కాపాడే సైట్ రిలయబిలిటీ ఇంజనీర్ల స్థితి కూడా ఇటువంటిదే.

ఈ వృత్తి 2003లో గూగుల్ సంస్థలో రూపుదిద్దుకొంది. సాధారణంగా సాఫ్ట్‌వేర్ రాసేవారు ఒకరు, దానిని నడిపేవారు మరొకరు. రాసేవారికి ఎప్పటికప్పుడు కొత్త మార్పులు చేయాలన్న తొందర ఉంటుంది. నడిపేవారికేమో ఏ మార్పువల్ల ఏది కూలుతుందోనన్న భయం. బెన్ ట్రేనర్ స్లాస్ అనే ఇంజనీరు ఈ కాపలా పనిని సాఫ్ట్‌వేర్ రాయగలవారికే అప్పగించారు. ఒకే పనిని పదేపదే చేతితో చేయడానికి విసుగు చెందేవారే ఇందుకు తగినవారు. అటువంటివారు ఆ పని తనంతట తానే జరిగేలా ప్రోగ్రాము రాస్తారు. అందుకు తీరిక దొరకాలని, రోజువారీ నిర్వహణ వారి పనివేళల్లో సగానికి మించరాదని నియమం పెట్టారు.

విచిత్రమేమంటే, సేవ ఎన్నడూ ఆగకూడదని వీరు కోరరు. నూటికి 99.9 పాళ్లు పనిచేయాలని లక్ష్యం పెట్టుకొంటే, 30 రోజుల్లో సుమారు 43 నిమిషాల అంతరాయాన్ని ముందుగానే అంగీకరించినట్లు. లక్ష్యం 99.99 అయితే ఆ గడువు నాలుగు నిమిషాల పైచిలుకు మాత్రమే. ఒక్కొక్క తొమ్మిది చేరేకొద్దీ ఖర్చు విపరీతంగా పెరుగుతుంది. వాడేవారి ఫోనూ నెట్‌వర్కూ అంతకంటే తరచుగా మొరాయిస్తుంటే ఆ ఖర్చంతా ఎవరికీ కనిపించకుండానే పోతుంది. కావున అంగీకరించిన అంతరాయాన్ని ‘ఎర్రర్ బడ్జెట్’ అనే పేరుతో ఇంటి పద్దులాగా లెక్కిస్తారు. పద్దులో మిగులు ఉంటే కొత్త మార్పులను ధైర్యంగా విడుదల చేయవచ్చు. అది హరించుకుపోతే విడుదలలు ఆపి మరమ్మతులు చేపట్టాలి. ఇరువర్గాల వాదులాటను ఈ విధంగా ఒక అంకె తీర్చింది.

అతి విశ్వసనీయత కూడా ప్రమాదమే. గూగుల్‌లో ‘చబ్బీ’ అనే అంతర్గత సేవ దాదాపు ఎప్పుడూ ఆగకపోవడంతో, అది ఆగనే ఆగదన్న నమ్మకంతో తక్కినవారు తమ సేవలను దానిపై నిర్మించారు. అరుదుగా అది ఆగినప్పుడు అవీ దానితోపాటు కూలేవి. చివరకు, లక్ష్యానికి మించి పనిచేసిన త్రైమాసికాల్లో దాని కాపరులే కావాలని దానిని కాసేపు ఆపసాగారు!

ఇన్ని జాగ్రత్తలున్నా ఉపద్రవాలు తప్పవు. 2020 డిసెంబరు 14న జీమెయిల్, యూట్యూబ్ వంటి గూగుల్ సేవల్లోకి లాగిన్ కావడం ప్రపంచమంతటా సుమారు ముప్పావు గంటసేపు సాధ్యం కాలేదు. లాగిన్‌తో పనిలేకుండా యూట్యూబ్ చూసేవారికి మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు. వాడేవారిని గుర్తించే వ్యవస్థ వినియోగం సున్నా అని పాత ఏర్పాటు ఒకటి తప్పుగా చూపగా, వనరులను పంచే ప్రోగ్రాము ఆ వ్యవస్థకు కేటాయింపును తగ్గించివేసింది. అనగా, మనుషుల శ్రమ తగ్గించడానికి రాసిన ప్రోగ్రామే ముప్పు తెచ్చింది.

ఇటువంటి సంఘటన తరువాత రాసే నివేదికను ‘పోస్ట్‌మార్టం’ అంటారు. అందులో ఏ వ్యక్తినీ నిందించరు. నిందపడుతుందన్న భయం ఉంటే జరిగినది ఎవరూ దాచకుండా చెప్పరు. ఆ పొరపాటుకు వ్యవస్థ ఎలా తావిచ్చిందన్నదే అక్కడ ప్రశ్న. పై సంఘటన తరువాత సంస్థ ప్రకటించిన దిద్దుబాట్లలో ఒకటి, ఆ ప్రోగ్రాము తన మార్పులను ప్రపంచమంతటా ఒక్కసారిగా అమలు చేయకుండా అడ్డుకట్ట వేయడం.