పళ్లెంలాంటి అణువు ప్రవాహంలో ఎటు తిరుగుతుంది?



హైటెక్ సిటీ ఆఫీసుల్లో మీలో చాలామంది రోజంతా చూసేది ఎల్‌సీడీ తెర. "అంటే ఏంటి నాన్నా?" అని పిల్లలు అడిగితే "లిక్విడ్ క్రిస్టల్ డిస్‌ప్లే" అని చెప్పేస్తాం. "లిక్విడ్ అయితే కారిపోవాలి, క్రిస్టల్ అయితే గట్టిగా ఉండాలి కదా?" అన్నది తర్వాతి ప్రశ్న. అక్కడ మనం ఆగిపోతాం. ఈ నెల అక్కడి నుంచే మొదలుపెడదాం.

ద్రవ స్ఫటికం నీళ్లలా పారుతుంది, కానీ అందులోని అణువులు దాదాపు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త రైనిట్జర్ ఈ వింత స్థితిని మొదట గమనించారు. ఆ తర్వాత చాలా కాలం పాటు, పుల్లల్లా పొడవైన అణువులే ఇలా ఉండగలవని అందరూ అనుకున్నారు. 1977లో మన పక్క రాష్ట్రంలో, బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్ ఆ నమ్మకాన్ని మార్చేశారు. మధ్యలో బెంజీన్ వలయం, చుట్టూ ఆరు తోకలు ఉన్న పళ్లెంలాంటి అణువులు కూడా ద్రవ స్ఫటికాలవుతాయని చూపారు. ఆ అణువులు నాణేల దొంతరల్లా పేరుకుంటాయి. ఆ పరిశోధన పత్రం మన దేశపు పత్రిక ‘ప్రమాణ’లోనే వచ్చింది. ఈ చంద్రశేఖర్ సి.వి. రామన్ మేనల్లుడు, నోబెల్ అందుకున్న ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ వేరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. దొంతరలు కట్టకుండా, ఒకే వైపు ముఖం పెట్టి ఉన్న పళ్లేల ద్రవం పారితే ఏమవుతుంది?

దోసె వేసేటప్పుడు చూడండి. పెనానికి అంటిన పిండి కదలదు, గరిటె కింది పిండి గరిటెతో పాటు వెళ్తుంది. మధ్యలోని పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. దీన్నే షియర్ ఫ్లో అంటారు. అందులో నిలువుగా ఉన్న పళ్లేన్ని ఊహించండి. పై అంచును ప్రవాహం వేగంగా లాగుతుంది, కింది అంచును నెమ్మదిగా లాగుతుంది. కాబట్టి పళ్లెం తిరిగి పొరల మధ్య పడుకుంటుంది. కానీ దానికి కొంత మందం ఉంది కాబట్టి కాసేపటికి మెల్లగా లేచి మళ్లీ పల్టీ కొడుతుంది. ఒంటరి కణం ఇలా పల్టీలు కొడుతూనే ఉంటుందని 1922లో జెఫరీ లెక్క కట్టి చూపారు.

ద్రవ స్ఫటికంలో పళ్లెం ఒంటరిది కాదు. పక్కవాటితో కలిసి ఒకే దిక్కుకు ఉండాలన్న ఒత్తిడి ఉంటుంది. 1960లలో ఎరిక్సన్, లెస్లీ రూపొందించిన సిద్ధాంతం ఈ పోటీని ‘లాంబ్డా’ అనే ఒక సంఖ్యలో చెబుతుంది. ఒంటరి కణాల్లో గోళానికి అది 0, పొడవైన సూదికి 1కి దగ్గర, పలుచని పళ్లేనికి −1కి దగ్గర. గుంపులో మాత్రం అది −1 దాటి కిందికి పోవచ్చు.

ఇక్కడ మీ పదో తరగతి పిల్లల్ని పిలవండి. లాంబ్డాకు 1 కలపండి. ఆ సంఖ్యను, లాంబ్డా నుంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్యతో భాగించండి. వచ్చేది పళ్లెం వాలు కోణపు టాన్ వర్గం. లాంబ్డా −1.1 అయితే జవాబు సుమారు 0.048, కోణం దాదాపు 12 డిగ్రీలు. పళ్లేలన్నీ ఆ వాలులో కుదురుకుంటాయి. −0.9 తీసుకుంటే వర్గం రుణ సంఖ్య అవుతుంది! అలాంటి కోణమే లేదు. అంటే పళ్లేలు ఎక్కడా కుదురుకోవు, పల్టీలు ఆగవు. లెక్కకు జవాబు రాకపోవడం కూడా ఒక జవాబే.

ఇది కాగితానికే పరిమితమైన లెక్క కాదు. తారు లాంటి పిచ్‌ను వేడిచేస్తే అందులోనూ పళ్లేల్లాంటి అణువుల ద్రవ స్ఫటికం ఏర్పడుతుంది. దాన్ని సన్నని రంధ్రాల గుండా లాగి కార్బన్ ఫైబర్ తయారుచేస్తారు. ప్రవాహంలో ఆ అణువులు ఎలా అమరాయన్నదాన్ని బట్టి పోగు గట్టిదనం, వేడిని మోసే శక్తి మారతాయి. అందుకే ముందు కంప్యూటర్లో మోడల్ చేసి చూడటం అవసరం.

ఇంట్లో చేసి చూడండి: ముత్యంలా మెరిసే షాంపూ తీసుకోండి. లేబుల్ మీద గ్లైకాల్ స్టియరేట్ లేదా గ్లైకాల్ డైస్టియరేట్ అని ఉండాలి. ఒక చెంచా షాంపూను పారదర్శకమైన సీసాలో నీళ్లతో కలిపి, నురగ రాకుండా మెల్లగా తిప్పండి. పట్టుబట్ట ముడతల్లాంటి గీతలు కనిపిస్తాయి. ఇవి ద్రవ స్ఫటికపు అణువులు కావు, వాటికంటే చాలా పెద్దవైన పొలుకులు. కానీ వాటిని తిప్పుతున్నది అదే షియర్. ప్రవాహం మారిన చోట పొలుకులు తిరిగే దిక్కు మారుతుంది, దాంతో మెరుపూ మారుతుంది.

సీసా ఆపగానే గీతలు ఎంతసేపు ఉంటాయో, ఎందుకు చెదిరిపోతాయో ముందు పిల్లల్నే చెప్పనివ్వండి. మనం తర్వాత చెబుదాం.