హృద్రోగులలో ఫలకికా నిరోధక చికిత్స: ప్రయోజనం, ప్రమాదం, వాటి తూకం

వ్యాస సంగ్రహం

గుండెపోటు వచ్చినవారికి, హృదయ ధమనులలో స్టెంటు అమర్చినవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి ఫలకికా నిరోధక ఔషధాలు ప్రాణరక్షకాలు. అయితే రక్తం గడ్డకట్టే గుణాన్ని అణచే ఏ ఔషధమైనా రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతుంది. ఈ రెండింటి తూకం ఔషధంలో స్థిరంగా ఉండేది కాదు, రోగి స్థితిని బట్టి మారేది. ఈ విషయాన్ని 1974 నుంచి 2021 వరకు వెలువడిన ప్రధాన యాదృచ్ఛిక నియంత్రిత పరీక్షల ఫలితాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: రక్తఫలకికలు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, గుండెపోటు, స్టెంటు, రక్తస్రావం, సాపేక్ష తగ్గుదల, నిరపేక్ష తగ్గుదల

1. ఉపోద్ఘాతం

ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో సంభవించిన మరణాల కారణాలను ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశోధకులు ఇంటింటి విచారణ ద్వారా సేకరించారు. ఆ మరణాలలో 32 శాతం గుండె, రక్తనాళాల వ్యాధుల వల్ల సంభవించినవే. అంటువ్యాధుల వాటా 12 శాతం మాత్రమే. హృద్రోగం నగరవాసుల, సంపన్నుల జబ్బు అన్న భావన అప్పటికే కాలం చెల్లినదని ఆ అధ్యయనం తేల్చింది.

ఇటువంటి సమాజంలో ఆస్పిరిన్ బిళ్ల అందరికీ పరిచితమైన వస్తువు కావడం సహజం. దానికి వాడుకలో 'రక్తాన్ని పలచబరిచే మందు' అన్న పేరు స్థిరపడింది. ఈ పేరు వల్ల రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. రక్తం పలచగా ఉండటం ఎవరికైనా మంచిదే కదా అన్న ఊహతో ఏ హృద్రోగమూ లేనివారు ఈ మందు మొదలుపెడతారు. రక్తం మరీ పలచబడి పోతుందేమోనన్న భయంతో, స్టెంటు వేయించుకున్నవారు పన్ను పీకించుకునేముందు ఎవరినీ అడగకుండానే మానేస్తారు. మొదటివారికి అనవసర రక్తస్రావం, రెండవవారికి మరో గుండెపోటు సంభవించవచ్చు. కనుక ఈ ఔషధాలు నిజంగా చేసే పనేమిటో ముందుగా తెలుసుకోవాలి.

2. ఫలకికల పని, ఔషధాల పని

ప్లేట్‌లెట్లుగా పిలిచే రక్తఫలకికలు కేంద్రకం లేని అతి చిన్న కణశకలాలు. ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. వీటి ఆయుర్దాయం ఏడు నుంచి పది రోజులు. రక్తనాళపు లోపలి పొర చిట్లినచోట ఇవి అతుక్కొని, ఒకదానినొకటి పిలుచుకొని, గుంపుగా చేరి గండి పూడుస్తాయి. చేతికి గాయమైనప్పుడు ఈ పని ప్రాణాన్ని నిలుపుతుంది. హృదయ ధమనిలో పేరుకున్న కొవ్వు ఫలకం పగిలినప్పుడు మాత్రం ఇదే పని ధమనిని మూసివేసి గుండెపోటుకు దారితీస్తుంది. చిట్లినది చర్మమా, ధమనీ ఫలకమా అన్న విచక్షణ ఫలకికకు లేదు. దానిని అణచే మందుకూ లేదు. ఫలకికా నిరోధక చికిత్సలోని చిక్కు అంతా ఇక్కడే ఉంది.

ఫలకికలు పరస్పరం పంపుకునే సంకేతాలలో థ్రాంబాక్సేన్ ఒకటి, ఏడీపీ మరొకటి. థ్రాంబాక్సేన్ తయారీకి అవసరమైన సైక్లో ఆక్సిజనేజ్-1 అనే ఎంజైమును ఆస్పిరిన్ శాశ్వతంగా నిర్వీర్యం చేస్తుంది. ఫలకికకు కేంద్రకం లేనందున అది ఆ ఎంజైమును మళ్లీ తయారుచేసుకోలేదు. అందుకే రక్తంలో కొన్ని నిమిషాలు మాత్రమే నిలిచే ఆస్పిరిన్ ప్రభావం ఆ ఫలకిక ఆయుర్దాయం పొడవునా ఉంటుంది. రోజుకు ఒక్క చిన్న మోతాదు చాలడానికి కారణమిదే. క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ అనేవి ఏడీపీ సంకేతాన్ని అందుకునే పీ2వై12 గ్రాహకాన్ని అడ్డుకుంటాయి.

ఈ మందులలో ఏదీ రక్తం చిక్కదనాన్ని మార్చదు. వార్ఫరిన్, అసెనోకౌమరాల్ వంటి మందులు మరో వర్గానికి చెందినవి. అవి ఫలకికల మీద కాక, గడ్డను బిగించే ఫైబ్రిన్ తంతువులను ఏర్పరచే ప్రోటీన్ల తయారీ మీద పనిచేస్తాయి. రెండు వర్గాలనూ 'పలచబరిచే మందు' అన్న ఒకే మాటతో పిలవడం వల్ల, ఒకదానికి చెప్పిన జాగ్రత్తలను మరొకదానికి వర్తింపజేసుకునే రోగులు ఎదురవుతుంటారు.

3. ప్రయోజనానికి ఆధారాలు

ఆస్పిరిన్ 1899 నుంచి విపణిలో ఉన్నా, గుండెపోటు నివారణలో దాని విలువను యాదృచ్ఛిక పరీక్షతో తేల్చే ప్రయత్నం 1974 వరకు వెలుగు చూడలేదు. పీటర్ ఎల్వుడ్, ఆర్చీ కాక్రన్ తదితరులు బ్రిటన్‌లో 1,239 మంది పురుషులపై జరిపిన ఆ పరీక్షలో మరణాలు తగ్గిన సూచన కనిపించింది. కానీ ఆ తేడా గణాంకశాస్త్ర రీత్యా నిర్ధారణకు చాలలేదు. సందేహం తీరడానికి మరింత పెద్ద పరీక్ష కావలసివచ్చింది.

ఆ అవసరాన్ని 1988లో ఐసిస్-2 తీర్చింది. 417 ఆసుపత్రులలో గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మందిని అందులో చేర్చుకున్నారు. ఒక నెలపాటు ఆస్పిరిన్ తీసుకున్నవారిలో ఐదు వారాల రక్తనాళ సంబంధ మరణాలు 9.4 శాతం కాగా, ఉత్తుత్తి బిళ్ల తీసుకున్నవారిలో 11.8 శాతం. అంటే ప్రతి వెయ్యి మందిలో ఇరవై నాలుగు ప్రాణాలు నిలిచాయి. ఆ నెలలో మెదడులో రక్తస్రావంగానీ, రక్తం ఎక్కించవలసినంత రక్తస్రావంగానీ చెప్పుకోదగినంతగా పెరగలేదు.

ఈ పరీక్షలోని ఒక ఉపవిశ్లేషణను పరిశోధక విద్యార్థులు గుర్తుంచుకోవాలి. రోగులను పుట్టిన తేదీ ప్రకారం పాశ్చాత్య జ్యోతిష రాశులుగా విభజించి చూడగా, మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ మేలు చేయలేదన్నట్లు అంకెలు వచ్చాయి. పరిశోధకులు దీనిని ప్రచురించింది రాశిఫలాలను నమ్మి కాదు. పెద్ద సమూహాన్ని చిన్న ముక్కలుగా కోసినకొద్దీ యాదృచ్ఛికంగా తప్పుడు ఫలితాలు పుడతాయని హెచ్చరించడానికి. 'ఫలానా వర్గానికి ఈ మందు పనిచేయదు' అన్న వాదన ఎదురైనప్పుడల్లా ఈ ఉదాహరణతో సరిపోల్చుకోవడం మేలు.

తరువాత 2002లో ఆంటీథ్రాంబోటిక్ ట్రయలిస్ట్స్ కొలాబరేషన్ 287 పరీక్షలను క్రోడీకరించింది. వాటిలో ఫలకికా నిరోధక చికిత్సను చికిత్స లేని స్థితితో పోల్చినవి 1,35,000 మందికి సంబంధించినవి. అధిక ప్రమాదం ఉన్న రోగులలో గుండెపోటు, పక్షవాతం, రక్తనాళ సంబంధ మరణం కలిపి సుమారు నాలుగవ వంతు తగ్గినట్లు అందులో తేలింది. రోజుకు 75 నుంచి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ దీర్ఘకాలిక వాడకానికి సరిపోతుందని కూడా స్పష్టమైంది.

4. అదే మందు, వేరే మనిషి

'నాలుగవ వంతు తగ్గుదల' అన్నది సాపేక్ష సంఖ్య. ఎంతలో నాలుగవ వంతు అన్న ప్రశ్నకు అది జవాబివ్వదు. ఈ ప్రశ్నకు జవాబు అదే బృందం 2009లో ప్రచురించిన విశ్లేషణలో లభిస్తుంది.

ఇంతకుముందు గుండెపోటుగానీ పక్షవాతంగానీ వచ్చిన సుమారు 17,000 మందిలో తీవ్ర సంఘటనలు ఏడాదికి 8.2 శాతం నుంచి 6.7 శాతానికి తగ్గాయి. పదివేల మంది ఏడాదిపాటు మందు వాడితే 150 సంఘటనలు తప్పుతాయన్నమాట. అటువంటి వ్యాధి ఏదీ లేని 95,000 మందిలో ఆ సంఖ్య 0.57 శాతం నుంచి 0.51 శాతానికి తగ్గింది. అంటే పదివేల మందికి ఆరు మాత్రమే. ఇదే సమయంలో జీర్ణాశయ రక్తస్రావం, మెదడు వెలుపలి ఇతర తీవ్ర రక్తస్రావాలు 0.07 శాతం నుంచి 0.10 శాతానికి, అంటే పదివేలకు మూడు చొప్పున పెరిగాయి. మొదటి వర్గంలో రక్తస్రావ భయం ప్రయోజనం ముందు చిన్నది. రెండవ వర్గంలో ఆ రెండూ దాదాపు పక్కపక్కనే నిలుస్తాయి.

2018లో వెలువడిన రెండు పరీక్షలు ఈ నిర్ణయాన్ని బలపరిచాయి. అసెండ్ పరీక్షలో, హృద్రోగం లేని 15,480 మంది మధుమేహ రోగులను సగటున 7.4 ఏళ్లు గమనించారు. ఆస్పిరిన్ వల్ల తీవ్ర రక్తనాళ సంఘటనలు 9.6 నుంచి 8.5 శాతానికి తగ్గగా, తీవ్ర రక్తస్రావం 3.2 నుంచి 4.1 శాతానికి పెరిగింది. ఒక చేత్తో ఇచ్చినది మరో చేత్తో పుచ్చుకున్నట్లయింది. ఆస్ప్రీ పరీక్షలో ఆస్ట్రేలియా, అమెరికాలకు చెందిన 19,114 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులు పాల్గొన్నారు. వారిలో హృద్రోగం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. తీవ్ర రక్తస్రావం మాత్రం ప్రతి వెయ్యి మందికి ఏడాదికి 6.2 నుంచి 8.6కు పెరిగింది. 2022లో అమెరికా నివారక సేవల కార్యదళం, అరవై ఏళ్లు దాటినవారు తొలి గుండెపోటు నివారణ కోసం ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టవద్దని సూచించింది.

ఈ సూచన హృద్రోగం ఇప్పటికే ఉన్నవారికి వర్తించదు. ఆస్పిరిన్ ఇక పనికిరాదని దీనికి అర్థం చెప్పుకొని, గుండెపోటు వచ్చిన రోగి మందు మానేస్తే జరిగే నష్టం, ఆరోగ్యవంతుడు మానడం వల్ల కలిగే మేలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

5. జంట చికిత్స: ఎంత బలం, ఎంతకాలం

గుండెపోటు తరువాత, స్టెంటు అమర్చిన తరువాత ఆస్పిరిన్‌కు పీ2వై12 నిరోధకాన్ని జతచేస్తారు. ఆధారాన్ని వేయి మంది లెక్కన చూస్తే విషయం తేటపడుతుంది. 12,562 మందితో జరిగిన క్యూర్ పరీక్షలో (2001) క్లోపిడోగ్రెల్ జతచేయడం వల్ల ఇరవై ఒక్క సంఘటనలు తప్పగా, పది తీవ్ర రక్తస్రావాలు అదనంగా కలిగాయి. ట్రైటాన్ పరీక్షలో (2007) క్లోపిడోగ్రెల్ బదులు ప్రాసుగ్రెల్ వాడినప్పుడు ఇరవై రెండు సంఘటనలు తప్పాయి. శస్త్రచికిత్సతో సంబంధం లేని తీవ్ర రక్తస్రావాలు ఆరు పెరిగాయి, రక్తస్రావ మరణాలు మూడు పెరిగాయి. ప్లేటో పరీక్షలో (2009) టికాగ్రెలార్ వల్ల పంతొమ్మిది సంఘటనలు తప్పాయి, అటువంటి రక్తస్రావాలు ఏడు పెరిగాయి. మందు బలం పెరిగినకొద్దీ రక్షణ, రక్తస్రావం రెండూ పెరిగాయి.

ప్రాసుగ్రెల్ విషయంలో మరో హెచ్చరిక ఉంది. పూర్వం పక్షవాతం వచ్చినవారికి అది మేలుకంటే కీడే చేసింది. డెబ్బై అయిదేళ్లు నిండినవారికి, అరవై కిలోలకు తక్కువ బరువున్నవారికి నికర ప్రయోజనం కనిపించలేదు. అరవై కిలోల లోపు రోగులు మన ప్రాంతంలో అరుదు కాదు. కనుక విదేశీ రోగుల సగటు ఫలితాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోలేము. అలాగే క్లోపిడోగ్రెల్ కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైము ద్వారా మారితేనే పనిచేస్తుంది. ఆ ఎంజైమును బలహీనపరచే జన్యు రూపాంతరాలు ఆసియావాసులలో ఐరోపావాసులకంటే ఎక్కువ. అటువంటివారిలో మందు ప్రభావం తగ్గవచ్చు.

ఎంతకాలం వాడాలన్నది రెండవ ప్రశ్న. 2014 నాటి డాప్ట్ పరీక్షలో జంట చికిత్సను పన్నెండు నెలల నుంచి ముప్పై నెలలకు పొడిగించగా స్టెంటులో గడ్డ ఏర్పడటం 1.4 నుంచి 0.4 శాతానికి తగ్గింది, రక్తస్రావం 1.6 నుంచి 2.5 శాతానికి పెరిగింది. 2019 నాటి ట్విలైట్ పరీక్ష మరో దారి పట్టింది. స్టెంటు వేసిన మూడు నెలల తరువాత 7,119 మందిలో ఒక వర్గానికి ఆస్పిరిన్ ఆపి టికాగ్రెలార్ ఒక్కటే కొనసాగించారు. ఆ తరువాతి ఏడాదిలో రక్తస్రావం 7.1 శాతం బదులు 4.0 శాతమే కలిగింది. మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి రెండు వర్గాలలోనూ 3.9 శాతమే. సరైన రోగిని, సరైన సమయాన్ని ఎంచుకుంటే రక్షణను కోల్పోకుండానే ప్రమాదాన్ని తగ్గించవచ్చని ఇది చూపింది. అయితే ఇది వైద్యుడు ఎంపిక చేసి తగ్గించడం, రోగి తనంతట తాను మానడం కాదు. స్టెంటు వేసిన తొలి నెలలలో మందులు అర్ధాంతరంగా ఆపడం, స్టెంటు మూసుకుపోవడానికి గుర్తించిన బలమైన కారణాలలో ఒకటి.

6. ప్రమాదాన్ని తగ్గించే మార్గాలు

మొదటిది, తక్కువ మోతాదు. 15,076 మందిపై జరిగిన అడాప్టబుల్ పరీక్షలో (2021) 325 మిల్లీగ్రాములు 81 మిల్లీగ్రాములకంటే ఎక్కువ రక్షణ ఇవ్వలేదు. రెండవది, జీర్ణాశయ రక్షణ. కోజెంట్ పరీక్షలో (2010) ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఒమెప్రజోల్ జతచేయగా ఆరు నెలల జీర్ణాశయ సమస్యలు 2.9 నుంచి 1.1 శాతానికి తగ్గాయి. క్లోపిడోగ్రెల్‌ను క్రియాశీలం చేసే ఎంజైమును ఒమెప్రజోల్ కొంత అడ్డుకుంటుంది కనుక, అదే వర్గంలోని పాంటోప్రజోల్ వైపు వైద్యులు మొగ్గు చూపడం కద్దు. మూడవది, రక్తపోటు అదుపు. రక్తపోటు అధికంగా ఉన్నప్పుడు మెదడులో రక్తస్రావ ప్రమాదం పెరుగుతుంది.

నాలుగవది మన ఇళ్లలో తరచుగా విస్మరణకు గురయ్యేది. మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా కొనే ఇబుప్రొఫెన్‌ను ఆస్పిరిన్‌కు ముందు వేసుకుంటే, అది ఎంజైము ద్వారాన్ని ముందే ఆక్రమించి ఆస్పిరిన్‌ను పనిచేయనివ్వదు. పైగా జీర్ణాశయ రక్తస్రావాన్ని పెంచుతుంది. ప్రయోజనం తగ్గి ప్రమాదం పెరిగే ఈ కలయిక గురించి రోగిని అడగడానికి అర నిమిషం చాలు. నల్లని తారువంటి విరేచనం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలన్న మాట కూడా ఆ అర నిమిషంలోనే చెప్పవచ్చు.

7. ముగింపు

పదిహేడు దేశాలలో 1,53,996 మందిని పరిశీలించిన ప్యూర్ అధ్యయనం (2011) ప్రకారం, హృద్రోగం లేదా పక్షవాతం వచ్చినవారిలో ఫలకికా నిరోధక ఔషధాలు వాడుతున్నవారు అధికాదాయ దేశాలలో 62 శాతం, భారతదేశం చేరి ఉన్న అల్పాదాయ దేశాల వర్గంలో 8.8 శాతం. చౌకగా దొరికే మందుల విషయంలో ఇంత అంతరం ఉండటం ఆలోచించవలసిన విషయం. అవసరమున్న గ్రామీణ రోగికి మందు చేరడం లేదు, అవసరం లేని ఆరోగ్యవంతుడు ముందుజాగ్రత్తగా మింగుతున్నాడు.

ఫలకికా నిరోధక చికిత్స మంచిదా కాదా అన్న ప్రశ్నకు కనుకనే ఒక్క జవాబు లేదు. ఎవరికి, ఏ మోతాదులో, ఎంతకాలం అన్నవి తేలిన తరువాతే దాని ప్రయోజనం, ప్రమాదం నిర్ణయమవుతాయి. తెలుగులో ఈ విషయం బోధించేవారు, రాసేవారు శాతాలతోపాటు వేయి మందికి ఎంతమంది అన్న లెక్కనూ చెప్పడం, 'పలచబరిచే మందు' అన్న మాట బదులు 'ఫలకికలు గుంపు కట్టకుండా ఆపే మందు' అని చెప్పడం అలవాటు చేసుకోవాలి. మాట సరిగా ఉంటే, మందు ఎందుకు వేసుకోవాలో, దేనికి భయపడాలో రోగికి తెలుస్తుంది. తెలిసిన రోగి అడగకుండా మొదలుపెట్టడు, చెప్పకుండా మానడు.