జన్యువుకు ఎగువ ఏది?

తెనాలిలో బియ్యం కొట్టుకెళ్లి ఒకరు బీపీటీ అంటారు, ఇంకొకరు సాంబ మసూరి అంటారు, రైతయితే 5204 అని నంబరే చెబుతాడు. కొట్టతను ముగ్గురికీ ఒకే బస్తా విప్పుతాడు. 1986లో బాపట్ల నుంచి విడుదలైన ఈ వంగడానికి ఎన్ని పేర్లున్నా మనం తికమకపడం. కంప్యూటరు పడుతుంది. దానికి మూడు పేర్లంటే మూడు వస్తువులు.

సాంబ మసూరి అన్నం ఎంత బాగుంటుందో, బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు ఆ పైరు అంత తేలిగ్గా లొంగుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్ఏ5, ఎక్స్ఏ13, ఎక్స్ఏ21 అనే మూడు జన్యువులను సంకరణంతో అందులోకి తెచ్చి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేశాయి. వీటిలో ఎక్స్ఏ13 అనేది ఒక వరి జన్యువుకు తెగులును తట్టుకునే రూపం. ఆ జన్యువును పరిశోధన పత్రాల్లో ఓఎస్8ఎన్3 అనీ, స్వీట్11 అనీ కూడా రాస్తారు. వరి జన్యుపటంలో దాని నంబరు ఓఎస్08జీ0535200. మధ్యలో ఉన్న 08 ఎనిమిదో క్రోమోజోమును చెబుతుంది.

వరి జన్యుపటం 2005లో వెలువడింది. 12 క్రోమోజోములు, సుమారు 38.9 కోట్ల డీఎన్ఏ అక్షరాలు. అంత వరుసలో ఒక జన్యువును పట్టుకోవాలంటే పేరొక్కటే చాలదు. అందుకే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దాన్ని ఒక ‘ఆబ్జెక్ట్’గా కడతారు. జీవశాస్త్రం కోసం పైథాన్ భాషలో రాసిన బయోపైథాన్‌లో దాని పేరు సీక్‌ఫీచర్. పొలానికి పాసుపుస్తకం ఉన్నట్టే దీనిలోనూ నంబరు, మారుపేర్లు, హద్దులు ఉంటాయి. పాసుపుస్తకం అడిగితే బదులు చెప్పదు. ఆబ్జెక్ట్ చెబుతుంది: నీ పొడవెంత, నీ అక్షరాలేవి, డీఎన్ఏ రెండు పోగుల్లో నువ్వు దేని మీదున్నావు?

హద్దుల లెక్కలోనే పెద్ద ప్రమాదం ఉంది. జన్యు వరుసలను దాచే జెన్‌బ్యాంక్ ఫైలు అక్షరాలను 1 నుంచి లెక్కపెడుతుంది, పైథాన్ 0 నుంచి. ఫైల్లో 101 నుంచి 200 వరకు అని ఉన్నది ఆబ్జెక్ట్‌లోకి 100, 200గా చేరుతుంది. ఈ మార్పును ఎవరికి వారు చేత్తో రాసుకుంటే ఎక్కడో ఒక అక్షరం జారుతుంది. ప్రోటీన్ సంకేతం మూడేసి అక్షరాలుగా నడుస్తుంది కాబట్టి, ఒక్కటి జారితే ఆ తర్వాత చదివేదంతా తప్పే.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది దిక్కు. ప్రకాశం బ్యారేజి నుంచి వచ్చే కాలువ నీటికి రేపల్లె కన్నా తెనాలి ఎగువన ఉంది. పటంలో పైనుందని కాదు, నీరు అటునుంచి పారుతుంది కనుక. డీఎన్ఏలో రెండు పోగుల చదువు ఎదురెదురు దిక్కుల్లో సాగుతుంది. ముందు పోగు మీది జన్యువుకు ఎగువ అంటే తక్కువ అంకెల వైపు, వెనుక పోగు మీదిదైతే ఎక్కువ అంకెల వైపు. పోగు ఏదో ఆబ్జెక్ట్‌కు తెలుసు కనుక ఏ వైపు వెతకాలో అదే చెబుతుంది.

ఎక్స్ఏ13 కథంతా ఆ ఎగువలోనే ఉంది. తెగులు బ్యాక్టీరియా తన ప్రోటీన్‌ను మొక్క కణంలోకి పంపి, జన్యువుకు ఎగువనున్న మీట దగ్గర తిష్ఠ వేయిస్తుంది. స్వీట్11 మేల్కొని చక్కెరను కణం బయటికి వదులుతుంది, బ్యాక్టీరియా దాన్ని తిని పెరుగుతుంది. ఎక్స్ఏ13 రూపంలో ఆ మీట దగ్గరి అక్షరాలు మారి ఉంటాయి, వచ్చిన ప్రోటీన్‌కు పట్టు దొరకదు. అలాగని జన్యువునే ఆపేస్తే కుదరదు. పుప్పొడి ఎదగడానికి అది తోడ్పడుతుంది, లేకపోతే కంకిలో గింజ సరిగ్గా పట్టదు.