శిలా జాలకం... ఆలయానికి ఊపిరి

ముమ్మిడివరం సమీపాన మా వంశం అర్చన చేస్తున్న శివాలయంలో నూతి వెనుక, మందార మొక్కల నడుమ, ఒక నల్లరాతి పలక పడి ఉన్నది. నీళ్లు తోడేవారు దానిపై బిందె దించుకుంటారు. మూలల్లో పద్మాలు, మధ్యలో పెనవేసుకున్న లతలు, ఆ సందుల్లో రంధ్రాలు. ఒకప్పుడది అర్ధమండపపు దక్షిణ గోడలోని జాలకం. జీర్ణోద్ధరణ వేళ గోడలకు టైల్స్ అతికించి అక్కడ అద్దాల కిటికీ పెడతామని పెద్దలు అడిగినప్పుడు సరేనన్నది నేనే.

శిల్పశాస్త్ర దృష్టిలో జాలకం కేవలం అలంకారం కాదు, అది నిర్మాణాంగం. నాగబంధం, వల్లి, స్వస్తికం, నంద్యావర్తం, పుష్పబంధం మొదలైన భేదాలను మానసారం పేర్కొన్నది. గర్భాలయంలో స్వామిని దీపమే చూపించాలి. కనుక సూర్యకాంతి సూటిగా రాకూడదు, ధూపదీపాల పొగ మాత్రం లోపల నిలువకూడదు. ఈ రెండు అవసరాలనూ ఒకే రాతిలో తీర్చారు మన స్థపతులు. అద్దాల కిటికీ వచ్చాక మా మండపపు కప్పు మసిబారింది. మహాన్యాసం సాగేంతసేపూ కళ్లు మండుతూనే ఉంటాయి.

ద్రాక్షారామంలో భీమేశ్వరుని చుట్టూ ఉన్న చీకటి ప్రదక్షిణ మార్గాన్ని మన ప్రాంతపు భక్తులెరుగుదురు. అలంపురంలోని బాదామి చాళుక్యుల ఆలయాలలో ప్రదక్షిణ మార్గపు అనుభవం వేరు. అక్కడ గోడలలోని రాతి జాలకాల గుండా జల్లెడ పట్టినట్లు వెలుగు పడుతుంది. 1213 నాటి పాలంపేట రామప్ప ఆలయంలో అంతరాళ ద్వారపు పక్క పలకలను సైతం కాకతీయ శిల్పులు జాలకాలుగా తొలిచారు. అంతటి గట్టి రాతిని అంత సుకుమారంగా ఎలా లొంగదీశారో!

మన కోనసీమ ఒండ్రునేల. ఇక్కడ రాయి పుట్టదు, ఎక్కడినుంచో రావలసిందే. ఆళ్లగడ్డ, దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. తిరుపతిలో దేవస్థానంవారి శిల్ప కళాశాల నేటికీ విద్య నేర్పుతున్నది. శిల్పులు లేకపోలేదు. మరి లోపమెక్కడ? ఒక వృద్ధ శిల్పిని ఈ మాటే అడిగాను. “విగ్రహం కావాలని వస్తారు స్వామీ, జాలకం ఎవరడుగుతున్నారు? పలకకు ముందునుంచి సగం, వెనుకనుంచి సగం తొలచి మధ్యలో కలపాలి. చివరి రంధ్రం దగ్గర ఉలి జారి పగులు పడితే అంతవరకు చేసిన పనంతా వృథా. ఆ కూలి ఎవరిస్తారు?” అన్నారాయన. ఇప్పుడు యంత్రాలు రాతిని కోస్తున్నాయి, అచ్చుల్లో సిమెంటు జాలీలు వస్తున్నాయి. మన ఉప్పుగాలికి ఆ సిమెంటులోని ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులూడటం చాలాచోట్ల చూస్తున్నాం. 1996 నవంబరు 6 నాటి పెనుతుపానుకు మా ఆలయపు తలుపు రెక్క ఊడిపోయినా ఈ రాతి జాలకం చెక్కుచెదరలేదు. తుపాను చేయలేని పని నా అంగీకారం చేసింది.

మొన్న ఏకాదశినాడు మనుమడి సాయంతో ఆ పలకను నిలబెట్టి, రంధ్రాల్లోని మట్టిని కొబ్బరిపీచుతో తోమాను. ఒక లత దగ్గర బీట ఉన్నది. తిరిగి గోడలో నిలపాలని పెద్దలను అభ్యర్థించాను. కార్తికం వెళ్లాక ఆలోచిద్దామన్నారు. తాపీమేస్త్రీ వచ్చి చూసి, బీటలో సిమెంటు కూరుతానన్నాడు. వద్దన్నాను. ఆళ్లగడ్డకు కబురు పంపాను.