గేరు పెట్టె అడుగు తొట్టి: నూనె, ఫిల్టరు మార్చు విధము

కారు నడుపుట నేర్చిన ప్రతివారికి ఇంజను ఆయిలు సంగతి తెలియును. కాని తనంతట తాను గేరు మార్చుకొను కారులో, ఇంజనుకు వెనుక, మరియొక నూనె తొట్టి గలదనియు, దానిలో ఒక ఫిల్టరు దాగియున్నదనియు చాలమంది ఎరుగరు. ఆ తొట్టిని ఇంటివద్దనే దించి, నూనెను, ఫిల్టరును మార్చు విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. కళాశాల ప్రయోగశాలలో ఉద్యోగమునకు రాకపూర్వము మేము కొన్ని సంవత్సరములు దమ్మాం నగరమున ఒక మోటారు వర్క్‌షాపులో పనిచేసితిమి. ఈ పని నేర్చినది అచ్చటనే. దీనిలో ఒక తప్పు చేసినదియు అచ్చటనే.

రెండు టేబుల్ ఫ్యానులను ఎదురెదురుగా నుంచి, ఒకదానికి మాత్రమే కరెంటు ఇచ్చినచో, దాని గాలికి రెండవది కూడ తిరుగును. టార్క్ కన్వర్టరు పని ఇట్టిదే. గాలికి బదులు అందులో నూనె యుండును. ఇంజను శక్తి ఆ నూనె ద్వారా చక్రములవైపు సాగును. లోపలి క్లచ్ పలకలను అదిమి గేరు మార్చునది ఆ నూనె పీడనమే. వేడిని బయటకు మోసికొనిపోవునది, పళ్లచక్రములకు జారుడుతనము నిచ్చునది కూడ అదియే. 1939లో జనరల్ మోటార్స్ సంస్థ ఓల్డ్స్‌మొబీల్ కార్ల కొరకు హైడ్రామాటిక్ అను గేరు పెట్టెను ప్రవేశపెట్టిన నాటినుండి ఇట్టి యంత్రములు విరివిగా వ్యాపించినవి. 1970 దశకపు ఆరంభము వరకు ఈ నూనెలో స్పెర్మ్ తిమింగలపు తైలమును కలిపెడివారన్న సంగతి నేటివారికి వింతగా తోచును. ఇంజను ఆయిలు కారినదా, ఇది కారినదా తెలియుటకై దీనికి ఎర్రరంగు వేయుదురు. వర్క్‌షాపులలో తొట్టిని ‘పాన్’ అందురు. మన పాతబస్తీ పాన్ వలెనే ఇదియు ఎర్రని రసమునే ఉమియును!

మేము ఎక్కువగా చేతపట్టినది షెవ్రొలే టాహో, సిల్వరాడో బండ్లలోని 4ఎల్60-ఇ అను గేరు పెట్టె. అది 1993 నుండి తయారైనది. కఠినమైన వాడుకలో సుమారు 80,000 కిలోమీటర్లకు నూనె మార్చవలెనని తయారీదారు సూచన. కఠినమైన వాడుక యనగా నేమి? టాక్సీగా తిప్పుట, బరువు లాగుట, కొండదారులు, వెలుపలి వేడిమి తరచు 32 డిగ్రీలు దాటు నగరములో రద్దీలో నడుపుట. ఈ లెక్కన దమ్మాంలోనైనను హైదరాబాదులోనైనను కఠినము కాని వాడుక అరుదు. ఇచ్చట ఒక హెచ్చరిక. మన దేశమున 2014లో మారుతి సెలెరియోతో వాడుకలోనికి వచ్చిన ఏఎమ్‌టీ కార్లు కూడ ‘ఆటోమేటిక్’ అనిపించుకొనును గాని, అవి సాధారణ గేరు పెట్టెకే యంత్రపు చేయి తగిలించినవి. వాటికి ఈ తొట్టియు, ఈ ఫిల్టరును ఉండవు. మీ బండి పుస్తకమును చదువక స్పానరు పట్టరాదు.

బండిని సమతలమున నిలిపి, జాకీతో ఎత్తి, తప్పక ఇనుప స్టాండ్లపై కూర్చుండబెట్టవలెను. జాకీ యొక్కటే ఆధారముగా బండి క్రిందికి దూరినవారు ప్రాణములు కోల్పోయిన సందర్భములు గలవు. నూనె గోరువెచ్చగా నుండవలెను, మరుగుచుండరాదు. పాత తొట్టులలో చాలవాటికి అడుగున బిరడా ఉండదు. కావున తొట్టినే వంచి నూనెను దింపవలెను. 16 బోల్టులలో ఒక ప్రక్కవి వదులు చేసి వదలి, తక్కినవి తీసినచో, తొట్టి ఒక మూలకు వంగి నూనె క్రింది పళ్లెములో పడును. వెడల్పయిన పళ్లెము లేనివారు వంటింటి పళ్లెమును తెచ్చి ఇంటివారి కోపమునకు గురియగుదురు.

ఇక అసలు సంగతి. తొట్టి అడుగున ఒక అయస్కాంతము ఉండును. మా ఉస్తాద్ ఎన్నడును నూనెను ముందుగా చూచెడివారు కారు. “బేటా, రంగు తరువాత, మొదట అయస్కాంతము చూపుము” అనెడివారు. దానిపై బూడిదరంగు మెత్తని పేస్టు ఉన్నయెడల భయము లేదు. అది ఏండ్ల తరబడి జరిగిన అరుగుదల. వ్రేళ్లకు గ్రుచ్చుకొను ఇనుప ముక్కలున్నచో లోపల ఏదియో విరిగినది. అయస్కాంతమునకు అంటక, అడుగున పసుపుగా మెరయు రేణువులు బుష్‌లు అరిగినవని చెప్పును. నల్లని పొలుసులు క్లచ్ పలకలవి. నూనె గులాబిరంగు పాలవలె నున్నచో రేడియేటరు నీరు అందులో కలిసినది. మాడువాసన వచ్చినచో పలకలు కాలినవి. క్రొత్త నూనె పోయగానే గేరు పెట్టె పాడైనదని కొందరందురు. మా అనుభవమున అట్టివానిలో పెక్కింటి తొట్టులు ముందే నల్లగా నుండెను. నిందమాత్రము క్రొత్త నూనెపై పడెను.

ఫిల్టరును మెల్లగా ఊపుచు క్రిందికి లాగినచో వచ్చును. కాని దాని మెడకుండు సీలు పైన రంధ్రములోనే చిక్కుకొని మిగులుట కద్దు. దానిని చూడక క్రొత్తది ఎక్కించినచో ఫిల్టరు సరిగా కూర్చుండదు. పంపు నూనెకు బదులు గాలిని పీల్చును. పాత సీలును తీయునపుడు రంధ్రపు గోడపై గీత పడినను అదే ఫలితము. తొట్టిని కడిగి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడువవలెను.

మా తప్పు బోల్టులవద్ద జరిగినది. గట్టిగా బిగించిన కొలది కారదని మా నమ్మకము. 4ఎల్60-ఇ తొట్టి బోల్టులకు కావలసినది 11 న్యూటన్ మీటర్లు మాత్రమే. పొట్టి స్పానరును మణికట్టు బలముతో తిప్పినంత. ఆ బండి చక్రపు నట్టు బిగింపు ఇందుకు పది రెట్లకు పైగా ఉండును. నిజామాబాదు జిల్లానుండి వచ్చిన ఒక డ్రైవరు తన యజమాని బండిని తెచ్చెను. మేము బిగించిన బిగువుకు రేకు అంచు వంగి, గాస్కెట్ నలిగి, రియాద్ మార్గమున నూనె చుక్కచుక్కగా కారిపోయెను. క్లచ్‌లు కాలినవి. మరమ్మతు ఖర్చు ఆ డ్రైవరు జీతమునుండి కోయసాగిరి. బోల్టులు బిగించినవి మా చేతులేయని మేము నోరు తెరచునప్పటికి ఒక నెల కోత జరిగిపోయెను. ఉస్తాద్ మమ్ము వెంటబెట్టుకొని ఆ యజమాని యెదుట సంగతి చెప్పించిరి. కోత ఆగినది, ఆ మొత్తము మా జీతమున పడినది. నాటినుండి మేము టార్క్ రెంచి లేక ఆ బోల్టులను ముట్టలేదు. ఒక మూల తరువాత ఎదుటి మూల చొప్పున, రెండు విడతలుగా బిగించుచుంటిమి.

తొట్టి దించినపుడు దిగు నూనె సుమారు 4.7 లీటర్లు, మొత్తము పట్టునది సుమారు 10.6 లీటర్లు. సగమునకు పైగా పాతది కన్వర్టరులోను, గొట్టములలోను నిలిచియే యుండును. మొత్తము మారినదని భ్రమపడి 10 లీటర్లు పోయరాదు. నూనె ఎక్కువైనచో తిరుగు భాగములు దానిని చిలికి నురుగు చేయును. నురుగు పీడనమును మోయజాలదు. దించిన నూనెను కొలిచి, అంతకంటె కొంచెము తక్కువ పోసి, ఇంజను నడిపించి, బ్రేకు త్రొక్కి యుంచి ఒక్కొక్క గేరులో క్షణకాలము నిలిపి, మరల పార్క్‌లోనికి తేవలెను. నూనె 82 నుండి 93 డిగ్రీల వేడికి వచ్చిన పిదప, ఇంజను నడుచుచుండగనే డిప్‌స్టిక్ చూచి కొద్దికొద్దిగా పూరింపవలెను.

పాత నూనెను కాలువలో పోయక, డబ్బాలో మూతపెట్టి, వాడిన నూనెను శుద్ధిచేయు అనుమతి గలవారికి అప్పగింపవలెను. రాత్రి బండి క్రింద పాత వార్తాపత్రిక పరచి, తెల్లవారి దానిపై ఎర్రచుక్క పడినదా లేదా చూచిన తరువాతనే దూరప్రయాణమునకు తీయవలెను.