8 ఎంబీ అనుకుంటే 80 కేబీ

పోచంపాడ్ దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు. జలాశయం నిండు మట్టం 1,091 అడుగులు. ఆ అంకె మారలేదు. దాని కింద పట్టే నీళ్లు మాత్రం తగ్గాయి: మొదట 112 టీఎంసీలుగా లెక్కగట్టినది, పూడిక చేరి 1994 సర్వే నాటికి 90 టీఎంసీల దగ్గరకు దిగింది. మట్టం ఒక్కటే చూసి పాత లెక్కన ఆయకట్టుకు నీళ్లు వదిలితే చివరి పొలం ఎండుతుంది. ఒక సిస్టమ్ కోసం రాసిన ప్రోగ్రామును ఇంకో సిస్టమ్‌కు పోర్ట్ చేసేటప్పుడు జరిగే పొరపాటు సరిగ్గా ఇలాంటిదే. కోడ్‌లో ఒక్క అక్షరం మారదు, దాని కిందున్న జాగా మాత్రం మారిపోతుంది. ఆ జాగానే స్టాక్.

ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను పిలిస్తే, పని ముగిశాక ఎక్కడికి తిరిగి రావాలో కంప్యూటర్‌కు గుర్తుండాలి. ఈ అవసరాన్ని అలన్ ట్యూరింగ్ 1946 నాటికే పసిగట్టి, తిరుగు చిరునామాను దాచడానికి, తీయడానికి తన ఏసీఈ యంత్రం ప్రణాళికలో ఏర్పాటు రాశాడు. 1957లో జర్మనీలో ఫ్రీడ్రిష్ బావర్, క్లాస్ సామెల్సన్ స్టాక్ పద్ధతికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. దాదాపు అదే కాలంలో ఆస్ట్రేలియాలో చార్లెస్ హాంబ్లిన్ విడిగా అదే ఆలోచనకు వచ్చాడు. 1961లో ప్రకటించిన బరోస్ బీ5000 దాన్ని యంత్రం నిర్మాణంలోనే పొదిగింది. చివర పెట్టినదాన్ని ముందు తీయాలి అన్న ఒక్క నియమంతో, ఫంక్షన్ తనను తానే ఎన్నిసార్లయినా పిలుచుకునే వీలు దొరికింది. నా దృష్టిలో కంప్యూటర్ చరిత్రలోని అతి అందమైన ఆలోచనల్లో ఇదొకటి.

అయితే ఎన్నిసార్లయినా అన్నది కాగితం మీది మాట. మెమరీలో దీనికి ఎంత జాగా ఇవ్వాలో ఎవరో ఒకరు ముందే తేల్చాలి. ఆ తేల్చడంలో ఎవరి లెక్క వాళ్లది. లైనక్స్‌లో జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ వాడే మామూలు సిస్టమ్‌లో ప్రతి థ్రెడ్‌కు సాధారణంగా 8 ఎంబీ దొరుకుతుంది. విండోస్‌లో 1 ఎంబీ. మ్యాక్‌లో ప్రధాన థ్రెడ్ కాక మిగతావాటికి 512 కేబీ. చిన్నగా, పొదుపుగా ఉండాలని రాసిన మజిల్ అనే సీ లైబ్రరీ మొదట ఇచ్చింది 80 కేబీ. 2014లో ఆల్పైన్ లైనక్స్ ఈ లైబ్రరీకి మారింది. తర్వాత డాకర్ కంటైనర్ల పుణ్యమా అని ఆల్పైన్ అన్నిచోట్లకూ పాకింది. 8 ఎంబీకి అలవాటుపడ్డ ప్రోగ్రాములు 80 కేబీలో వచ్చిపడ్డాయి.

ఒక ఫంక్షన్ లోపల 64 కేబీల బఫర్ ప్రకటించి ఉందనుకోండి. సీ భాషలో అది ఒక్క వరుస. పాత చోట దాన్ని ఎవరూ గమనించరు. 80 కేబీ చోట అది ఒక్కటే ఐదింట నాలుగు వంతులు మింగేస్తుంది. ఫంక్షన్ తనను తానే పిలుచుకునే రికర్షన్‌తో పని ఇంకా కష్టం. పిలుపుకు 200 బైట్లు పట్టే ఫంక్షన్ 8 ఎంబీలో దాదాపు 42 వేల లోతు వెళ్లగలదు, 80 కేబీలో 400 దాటగానే ఆగిపోతుంది. చిన్న ఫైలు ఇస్తే టెస్టు పాసవుతుంది. వినియోగదారుడు పెద్ద ఫైలు ఇచ్చిన రోజున సెగ్మెంటేషన్ ఫాల్ట్.

ఆ సందేశంలో స్టాక్ అన్న మాటే ఉండదు. చాలామంది పాడైన పాయింటర్ కోసం రోజుల తరబడి వెతికేది అందుకే. పట్టుకునే దారి ఉంది. ప్రోగ్రాము కూలినప్పుడు మిగిలే కోర్ ఫైలును జీడీబీ డీబగ్గర్‌లో తెరిచి, తప్పు జరిగిన చిరునామాను స్టాక్ పాయింటర్ పక్కన పెట్టి చూడాలి. రెండూ దగ్గరదగ్గరగా ఉండి, ఆ చిరునామా థ్రెడ్ స్టాక్ అడుగున కాపలా ఉంచిన గార్డ్ పేజీలో పడితే సంగతి దాదాపు తేలినట్టే. బ్యాక్‌ట్రేస్‌లో ఒకే ఫంక్షన్ పేరు వందలసార్లు వరుసగా కనిపిస్తే రికర్షన్. నాలుగైదు పేర్లే ఉండి కూడా కూలిందంటే ఎక్కడో పెద్ద బఫర్ ఉంది. మరీ పెద్ద బఫర్ గార్డ్ పేజీని తాకకుండా దాటి అవతలి మెమరీలో రాయగలదు. 2017లో క్వాలిస్ సంస్థ స్టాక్ క్లాష్ పేరుతో బయటపెట్టిన భద్రతా లోపాల మూలం అదే.

మందు వేసేటప్పుడూ జాగ్రత్త కావాలి. అందరి చేయీ ముందు స్టాక్ పరిమితిని మార్చే యూలిమిట్ కమాండ్ మీదికే పోతుంది. మజిల్ థ్రెడ్లు దాన్ని పట్టించుకోవు, కాబట్టి ఏమీ మారదు. జీలిబ్‌సీలో పరిస్థితి ఇంకో రకం: పరిమితే లేదని ఎత్తేస్తే, 64 బిట్ ఇంటెల్ తరహా యంత్రాల్లో థ్రెడ్ స్టాక్ 8 నుంచి 2 ఎంబీకి తగ్గుతుంది! పెంచామనుకున్నవాళ్లు తగ్గించుకుంటారు.

2019లో వచ్చిన మజిల్ 1.1.21 ఆ 80ని 128 కేబీ చేసింది, లింక్ చేసేటప్పుడే ఎక్కువ అడిగే వీలూ ఇచ్చింది. కానీ థ్రెడ్ పుట్టించే చోటే, పీథ్రెడ్ లక్షణాల్లో కావలసిన పరిమాణాన్ని రాసిపెట్టడం మేలు. ఎంత కావాలో తెలియాలంటే జీసీసీకి స్టాక్ వినియోగం చూపమని చెబితే చాలు, ఏ ఫంక్షన్ ఎన్ని బైట్లు తీసుకుంటుందో ఫైలులో రాసిస్తుంది. 64 కేబీల బఫర్లు ఆ జాబితాలో వెంటనే కళ్లబడతాయి. వాటిని మాలోక్‌తో హీప్‌కు పంపేస్తే చాలా ప్రోగ్రాములకు 128 కేబీ సరిపోతుంది.